గండం గడిచాక గుండెను కనిపెట్టుకుని ఉండటం

అనంతపురంలో గుండె జబ్బు మాట రాగానే అందరి నోటా వచ్చే పేరు బెంగళూరు. హైవే మీద 200 కిలోమీటర్లకు కాస్త పైన. పెద్ద ఆస్పత్రులు, పేరున్న డాక్టర్లు. ముందే తేదీ ఖాయం చేసుకుని వెళ్లే ఆపరేషన్‌కు ఆ దూరం ఒక లెక్క కాదు. కానీ రాత్రి రెండు గంటలకు ఛాతీ మీద బండ పెట్టినట్టు నొప్పి మొదలై, చెమటలు ధారగా కారుతున్న మనిషిని కారెక్కించి నేరుగా బెంగళూరు దారి పట్టించడం ప్రాణానికే ముప్పు. ఆ గంటలో ముందుగా కావాల్సింది అందుబాటులో ఉన్న ఒక ఈసీజీ మిషన్, దాన్ని చదవగల డాక్టరు.

ఎందుకో చూద్దాం. గుండె కండరానికి రక్తం తెచ్చే ధమని గోడలో పేరుకున్న కొవ్వు పొర ఒక్కసారిగా చిట్లుతుంది. దాని మీద రక్తం గడ్డ కట్టి దారి మూసుకుపోతుంది. ఆ నిమిషం నుంచి ఆ ధమనిని నమ్ముకున్న కండరం చచ్చిపోతూ ఉంటుంది. చచ్చిన కండరం మళ్లీ పుట్టదు, అక్కడ మచ్చ మిగులుతుంది. ఈసీజీలో పెద్ద గుండెపోటు తేలిన రెండు గంటల్లోపు క్యాథ్‌ల్యాబ్‌కు (ధమనిలోకి సన్నని గొట్టం పంపి అడ్డు తీసే గది) చేర్చి బెలూన్, స్టెంట్ వేయగలిగితే అదే అన్నిటికన్నా మేలైన వైద్యం. అంత త్వరగా చేర్చలేమని తెలిస్తే గడ్డను కరిగించే ఇంజెక్షన్ వెంటనే ఇచ్చి, ఆ తర్వాతే పెద్దాసుపత్రికి పంపాలి. నొప్పి మొదలైన 12 గంటల వరకు ఈ ఇంజెక్షన్ ఇస్తారు గానీ, మొదటి రెండు మూడు గంటల్లో ఇస్తే వచ్చే ఫలితం ఆ తర్వాత రాదు. అది పని చేసిందా లేదా అన్నది గంట, గంటన్నర తర్వాత తీసే ఇంకో ఈసీజీ చెబుతుంది. పని చేయకపోతే ఉన్నపళంగా యాంజియోగ్రామ్ చేయాలి. ఇంజెక్షన్ పని చేసినా 24 గంటల్లోపు యాంజియోగ్రామ్ చేయాలి.

రాయదుర్గం నుంచి అనంతపురానికే దాదాపు వంద కిలోమీటర్లు. కల్యాణదుర్గం, ఉరవకొండ, తాడిపత్రి వాళ్లకూ గంట పైమాటే. ఇంత దూరాలున్న జిల్లాకు 'ముందు ఇంజెక్షన్, తర్వాత ప్రయాణం' అన్న పద్ధతే సరిపోతుంది. రాష్ట్రంలో 2023లో మొదలైన స్టెమీ (ధమని పూర్తిగా మూసుకుపోయే పెద్ద గుండెపోటు) కార్యక్రమం ఉద్దేశం కూడా ఇదే. చిన్న ఆస్పత్రిలో ఈసీజీ తీసి పెద్దాసుపత్రి గుండె డాక్టరుకు పంపుతారు. ఆయన చూసి సరేనంటే అక్కడే ఇంజెక్షన్ ఉచితంగా ఇస్తారు. బయట కొనాలంటే అది వేల రూపాయల మందు. దీంతో మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదం సుమారు నూటికి ఒకరిలో ఉంటుంది. అందుకే గతంలో పక్షవాతం వచ్చిందా, ఈ మధ్య ఆపరేషన్ జరిగిందా, ఎక్కడైనా రక్తం పోతోందా అని డాక్టర్లు అడుగుతారు. ఆ జవాబులు తెలిసిన మనిషి ఒకరు రోగి వెంట ఉండటం చాలా అవసరం.

దూరం కన్నా ఎక్కువ సమయాన్ని తినేస్తున్నది మాత్రం 'గ్యాస్'. "రాత్రి తిన్నిది అరగలేదు లేప్పా" అని ఒక సోడా, ఒక గ్యాస్ మాత్ర, తర్వాత ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్. ఈలోపు తెల్లారిపోతుంది. ఈ పొరపాటుకు కారణం లేకపోలేదు. గుండె కింది గోడకు పోటు వచ్చినప్పుడు నొప్పి నిజంగానే కడుపు పైభాగంలో తెలుస్తుంది, వాంతి వచ్చినట్టు ఉంటుంది, త్రేన్పులు కూడా వస్తాయి. షుగర్ ఉన్నవాళ్లలో నొప్పే లేకుండా ఆయాసం, నీరసం, చెమటలతో సరిపెట్టొచ్చు. ఆడవాళ్లలో దవడ, వీపు, విపరీతమైన అలసట ముందుకు రావచ్చు. ఇంట్లో కూర్చుని గ్యాసో గుండో తేల్చడం ఎవరి తరమూ కాదు. ఒక్క ఈసీజీ నార్మల్‌గా వచ్చినా నిశ్చింతగా ఇంటికి పోకూడదు. మొదటి ఈసీజీలో ఏమీ కనబడకపోవచ్చు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో కనిపించే ట్రోపోనిన్ పెరగడానికి కూడా కొన్ని గంటలు పడుతుంది. నొప్పి ఉన్నంతసేపు ఈసీజీ మళ్లీ మళ్లీ తీయాలి.

గుండెపోటులో గుండె దెబ్బతింటుంది గానీ కొట్టుకుంటూనే ఉంటుంది. గుండె ఆగిపోవడం వేరే ప్రమాదం. దెబ్బతిన్న కండరంలో కరెంటు గతి తప్పి, గుండె కొట్టుకోవడం మానేసి ఊరికే వణుకుతుంది. మనిషి కుప్పకూలిపోతాడు. పిలిస్తే పలకడు, ఊపిరి ఉండదు, లేదా ఎగశ్వాస మాత్రమే ఉంటుంది. ఆ క్షణం నుంచి, గుండెను మళ్లీ గతిలో పెట్టే కరెంటు షాక్ ఇవ్వడం ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. 2005 ఆగస్టు 15న మొదలైన 108 వాహనాలు ఈ రాష్ట్రంలో ఎన్నో ప్రాణాలు నిలబెట్టాయి. అయినా నాలుగు నిమిషాల్లో పల్లెకు చేరడం ఏ వాహనానికీ సాధ్యం కాదు. అంతవరకు పక్కనున్న మనిషే దిక్కు. ఛాతీ మధ్య ఎముక మీద రెండు చేతులూ ఒకదానిపై ఒకటి పెట్టి, రెండంగుళాల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. నోటితో ఊపిరి ఊదడం రాకపోయినా, ఊదడానికి మొహమాటపడినా, ఆపకుండా నొక్కితే చాలా వరకు మేలే.

నటుడు నందమూరి తారకరత్న 2023 జనవరి 27న కుప్పంలో పాదయాత్ర మధ్యలో కుప్పకూలారు. డాక్టర్లు గుండెను తిరిగి కొట్టుకునేలా చేసి బెంగళూరుకు తరలించారు. అయినా ఫిబ్రవరి 18న ఆయన కన్నుమూశారు. మన సీమ ప్రజల కళ్లముందే జరిగిన ఆ విషాదం అప్పట్లో సీపీఆర్ (ఇలా ఛాతీ నొక్కి ప్రాణం నిలపడం) గురించి కొంత మాట్లాడించింది, తర్వాత ఆ మాట చల్లబడింది. గుండె మళ్లీ కొట్టుకోవడం ఒక మెట్టు. మెదడుకు రక్తం ఎంతసేపు అందలేదన్నది దాని తర్వాత తేలే లెక్క.

ప్రాణం నిలబెట్టడం అనే ఈ మొదటి సగం విషయంలో మన దగ్గర గత ఇరవై ఏళ్లలో చాలా మారింది. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదట అమలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. మిగతా రెండు మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. పుట్టపర్తిలోని సత్యసాయి ఆస్పత్రి 1991 నవంబరు నుంచి గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తోంది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరకు పరిమితి పెట్టి, మందు పూసిన స్టెంట్‌ను 29,600 రూపాయలకు తెచ్చింది. ఆస్తులు అమ్ముకోకుండా స్టెంట్ వేయించుకోవడం పేదవాళ్లకూ సాధ్యమైంది. రెండో సగం మాత్రం, అంటే డిశ్చార్జ్ అయ్యాక బతికే పది, ఇరవై ఏళ్లు, దాదాపు పూర్తిగా రోగి మీదా ఇంట్లోవాళ్ల మీదా పడింది. ఏది చూసుకోవాలో, చూసినదాన్ని బట్టి ఏం చేయాలో చెప్పేవాళ్లు తక్కువ. చేతిలో పెట్టే ఫైల్ ఇంగ్లీషులో ఉంటుంది. నష్టం ఎక్కువగా జరుగుతున్నది ఇక్కడే.

మందుల నుంచే మొదలుపెట్టాలి. స్టెంట్ వేశాక గుండె బాగైపోయిందని చాలామంది నమ్ముతారు. స్టెంట్ ఒకచోట మూసుకున్న దారిని తెరిచింది, అంతే. మిగతా ధమనులూ, కొవ్వు పేరుకునే గుణమూ అలాగే ఉన్నాయి. పైగా కొత్తగా పెట్టిన లోహపు జాలీ మీద రక్తం గడ్డ కట్టకుండా సాధారణంగా ఏడాదిపాటు రెండు రకాల రక్తం పలచన చేసే మాత్రలు వాడాలి. ఒకటి ఆస్పిరిన్, రెండోది క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్. వీటిని మధ్యలో ఆపేస్తే స్టెంట్ ఒక్కసారిగా మూసుకుపోవచ్చు. అలా మూసుకోవడం మొదటి గుండెపోటు కన్నా ప్రమాదం. ఆపడానికి కారణాలు ఎప్పుడూ చిన్నవే. పన్ను పీకించుకోవాలి, ఒంటి మీద నీలి మచ్చలు వస్తున్నాయి, కడుపులో మంట, ఈ నెల డబ్బులు అందలేదు. పన్ను పీకే డాక్టరు ఆపమన్నా సరే, స్టెంట్ వేసిన డాక్టరును అడగకుండా ఆపకూడదు.

కొలెస్ట్రాల్ మాత్ర విషయంలో తప్పు ఇంకో రకం. ల్యాబ్ రిపోర్టులో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 95 అని వస్తుంది, పక్క వరుసలో 100 లోపు నార్మల్ అని అచ్చు వేసి ఉంటుంది. నార్మల్ వచ్చింది కదా అని మాత్ర ఆపేస్తారు. ఆ వరుస ఆరోగ్యవంతుల కోసం వేసింది. ఒకసారి గుండెపోటు వచ్చిన మనిషికి ఎల్‌డీఎల్ 55 లోపు ఉండాలని ఇప్పటి వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. తగ్గింది మాత్ర వల్లే కాబట్టి, ఆపితే కొన్ని వారాల్లో మళ్లీ పెరుగుతుంది. ఈ ఒక్క మాట ప్రతి డిశ్చార్జ్ కాగితం మీదా తెలుగులో రాసి ఇస్తే ఎన్నో రెండో గుండెపోట్లు తప్పుతాయి.

ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టు ఇంకో భయం పెడుతుంది. 'పంపింగ్ 40 శాతం' అనగానే గుండె సగం కన్నా తక్కువే పని చేస్తోందని ఇల్లంతా కుంగిపోతుంది. ఆ అంకెకు నూటికి నూరు ఉండదు. గుండె గది నిండినప్పుడు ఉన్న రక్తంలో ఒక దెబ్బకు ఎంత భాగం బయటికి నెట్టిందన్నదే అది. ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా 55 నుంచి 70 శాతమే నెడుతుంది. పైగా గుండెపోటు వచ్చిన మొదటి రోజుల్లో కొంత కండరం చచ్చిపోకుండా మొద్దుబారి ఉంటుంది, అది వారాల్లో కోలుకుంటుంది. అందుకే ఆస్పత్రిలో ఉండగా తీసిన ఎకోను చూసి జాతకం రాసేయకూడదు. ఆరు వారాల నుంచి మూడు నెలల తర్వాత మళ్లీ తీసిన ఎకోతోనే అసలు నిర్ణయాలు జరుగుతాయి.

ఆ నిర్ణయాల్లో పెద్దది ఐసీడీ, అంటే గుండె ప్రమాదకరంగా గతి తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే చిన్న పరికరం. మందులు సరిగా వాడినా పంపింగ్ 35 శాతం లోపే ఉండిపోతే గుండె మళ్లీ గతి తప్పి ఆగిపోయే ముప్పు ఎక్కువ. అలాంటివాళ్లకు భుజం కింద చర్మం లోపల ఈ పరికరం పెడతారు. గుండెపోటు వచ్చిన 40 రోజుల్లోపు సాధారణంగా పెట్టరు. గుండె ఆగి బతికి బయటపడ్డ ప్రతి ఒక్కరికీ ఇది అవసరమని కూడా అనుకోకూడదు. గుండెపోటు మొదటి 48 గంటల్లో గుండె ఆగి, తర్వాత స్టెంట్‌తో కోలుకున్నవాళ్లలో చాలామందికి అక్కర్లేదు. సరిచేయగల కారణం ఏదీ లేకుండా ఆగినవాళ్లకు తప్పనిసరి. మొదటి ఐసీడీని 1980లో అమెరికాలో మిషెల్ మిరోవ్‌స్కీ బృందం ఒక రోగికి అమర్చింది. ఇప్పటి పరికరం అరచేతిలో ఇమిడిపోతుంది. ప్రతి గుండె దెబ్బనూ గమనిస్తూ, ప్రాణాంతకమైన వేగం కనిపిస్తే లోపలి నుంచే షాక్ ఇస్తుంది.

దానితో బతకడానికి మన జిల్లాలో కొన్ని ప్రత్యేకమైన జాగ్రత్తలు కావాలి, వీటిని బెంగళూరు డాక్టర్లు చెప్పడం మర్చిపోతారు. బోరు మోటారు స్టార్టర్ డబ్బాకు ఎర్తింగ్ లేక కరెంటు కొద్దికొద్దిగా లీకవడం పొలాల్లో మామూలే. మామూలు మనిషికి అది చిన్న జివ్వుమనడం. ఐసీడీ మాత్రం ఆ కరెంటును గుండె గతి తప్పిందని పొరబడి, అవసరం లేకుండానే షాక్ ఇవ్వొచ్చు. ఐసీడీ ఉన్న రైతు ఎర్తింగ్ చేయించకుండా గానీ, తడి చేత్తో గానీ స్టార్టర్ ముట్టుకోకూడదు. అడవి పందుల కోసం వేసే సోలార్ ఫెన్సింగ్‌కు ఆమడ దూరం ఉండాలి. వెల్డింగ్ పని చేసేవాళ్లు డాక్టరుతో తేల్చుకున్నాకే మళ్లీ పనిలోకి దిగాలి. ఇండక్షన్ స్టవ్‌కు రెండడుగులు ఎడంగా నిలబడాలి. ఫోన్‌ను పరికరం ఉన్న వైపు చొక్కా జేబులో పెట్టుకోకూడదు. తిరుమలలోనో ఎయిర్‌పోర్టులోనో మెటల్ డిటెక్టర్ ద్వారం గుండా ఆగకుండా నడిచిపోతే ఫర్వాలేదు. అక్కడే ఆనుకుని నిలబడకూడదు. ఐసీడీ ఉందని తెలిపే కార్డు చూపించి, చేతి డిటెక్టర్‌ను ఛాతీ మీద ఎక్కువసేపు పెట్టవద్దని చెప్పాలి.

షాక్ వస్తే గుండెల మీద ఎవరో తన్నినట్టు ఉంటుంది. ఒక్కసారి వచ్చి, తర్వాత మనిషి మామూలుగా ఉంటే అదే రోజు డాక్టరుకు ఫోన్ చేసి చెబితే చాలు. ఒకే రోజులో రెండు మూడు సార్లు వచ్చినా, వచ్చాక కళ్లు తిరిగినా, ఆయాసపడినా ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. కొన్ని ఐసీడీలకు మంచం పక్కన పెట్టుకునే చిన్న పెట్టె ఇస్తారు. అది రాత్రిపూట సమాచారాన్ని మొబైల్ నెట్‌వర్క్ ద్వారా పంపుతుంది. చాలామంది దీన్ని చూసి, ఆస్పత్రిలో ఎవరో రాత్రంతా తమ గుండెను చూస్తూ ఉంటారనుకుంటారు. అలా ఎవరూ చూడరు. వచ్చిన సమాచారాన్ని పనివేళల్లో తెరిచి చూస్తారు. ఆపద వస్తే ఆ పెట్టె 108కి ఫోన్ చేయదు.

అప్పుడప్పుడూ దడ, కళ్లు బైర్లు కమ్మడం ఉన్నవాళ్లకు హోల్టర్ పెడతారు. ఛాతీకి తీగలు అంటించి, 24 లేదా 48 గంటలు గుండె దెబ్బలన్నీ రికార్డు చేసే చిన్న యంత్రం ఇది. 1940ల చివర్లో నార్మన్ హోల్టర్ తయారుచేసిన మొదటి పరికరం వీపున మోయాల్సినది, బరువు దాదాపు 38 కిలోలు. ఇప్పుడు అది జేబులో పడుతుంది. హోల్టర్ ఒక ప్రశ్నకే జవాబిస్తుంది: ఆ ఒక్కరోజులో ఏం జరిగింది? నెలకోసారి కళ్లు తిరిగే మనిషికి ఆ 24 గంటల్లో ఏమీ కనిపించకపోతే జబ్బు లేదని అర్థం కాదు. అలాంటివాళ్లకు రెండు వారాల ప్యాచ్ గానీ, చర్మం కింద పెట్టి మూడేళ్ల వరకు కనిపెట్టే లూప్ రికార్డర్ గానీ పనికొస్తాయి. హోల్టర్ పెట్టుకున్న రోజు చాలామంది మంచం దిగకుండా పడుకుంటారు. అది పరీక్షను వృథా చేసుకోవడమే. రోజూ చేసే పని చేస్తూ, ఎప్పుడు దడ వచ్చిందో, అప్పుడేం చేస్తున్నారో టైముతో సహా రాసి ఉంచితేనే ఆ కాగితాలకు విలువ.

కొడుకులు అమెరికా నుంచి పంపే స్మార్ట్‌వాచ్‌ల గురించి కూడా చెప్పాలి. చేతి గడియారంలోని ఈసీజీ ఒకే ఒక్క కోణం నుంచి గుండెను చూస్తుంది, ఆస్పత్రి ఈసీజీ పన్నెండు కోణాల నుంచి చూస్తుంది. వాచ్ గుండె లయ తప్పడాన్ని, ముఖ్యంగా ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను (గుండె పై గదులు అడ్డదిడ్డంగా కొట్టుకోవడం), బాగానే పట్టుకుంటుంది. గుండెపోటును అది పట్టుకోలేదని తయారీదారులే రాసి పెట్టారు. నొప్పి ఉన్నప్పుడు వాచ్‌లో నార్మల్ అని చూసి ఆగిపోతే ప్రాణం మీదికి వస్తుంది.

అన్నిటికన్నా చవకైనదీ, ఎక్కువ పనికొచ్చేదీ బరువు చూసే మిషన్. గుండె బలహీనపడినవాళ్లు రోజూ పొద్దున్నే, మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసుకుని క్యాలెండర్ మీద రాసుకోవాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒంట్లో నీరు. కాళ్ల వాపు, రాత్రి పడుకుంటే ఆయాసం దాని వెనకే వస్తాయి. ఆ రోజే డాక్టరుకు చెబితే మాత్ర మార్చడంతో పోతుంది, వారం ఆగితే ఐసీయూ. అదే మిషన్ ఏప్రిల్, మే నెలల్లో రెండో పని చేస్తుంది. నలభై దాటిన ఎండల్లో చెమట రూపంలో నీరు పోతుంటే, నీరు తగ్గించే మాత్ర శీతాకాలం మోతాదులోనే పడుతూ ఉంటుంది. బరువు తగ్గుతూ, లేచి నిలబడితే కళ్లు తిరుగుతూ, బీపీ పడిపోతుంటే ఒళ్లు ఎండిపోతోందని అర్థం. ఎండాకాలం మోతాదు ఎలా మార్చాలో మార్చి నెల చెకప్‌లోనే అడిగి రాయించుకోవడం మంచిది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లలో ఉప్పు ఉంటుంది కాబట్టి, గుండె బలహీనంగా ఉన్నవాళ్లు వాటిని మంచినీళ్లలా తాగకూడదు.

ఉప్పు మన తిండిలో ఎక్కడుందో కూడా చూసుకోవాలి. సంగటిలో లేదు, దాని పక్కన వేసుకునే ఊరగాయలోనూ ఊరిబిండిలోనూ ఉంది. గుండెపోటు వచ్చాక చెనిక్కాయలు పూర్తిగా మానేసేవాళ్లు అనంతపురంలో కూడా ఉన్నారు. ఉప్పు వేయకుండా వేయించినవో, ఉడకబెట్టినవో గుప్పెడు తింటే గుండెకు చెడు లేదు, మేలే. మానాల్సింది ఉగ్గాని పక్కన వచ్చే బజ్జీ, మరిగిన నూనెనే మళ్లీ మళ్లీ మరిగించి వేసినది. ఉప్పుకు బదులుగా అమ్మే పొటాషియం ఉప్పు మంచిదని కొందరు తెచ్చుకుంటారు. కొన్ని బీపీ మాత్రలతో కలిస్తే రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరుగుతుంది.

ఇక భయం. గుండెపోటు నుంచి బయటపడ్డ ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరు డిప్రెషన్‌లోకి వెళ్తారు. అది మనసు బలహీనత కాదు, వైద్యం ఉన్న జబ్బు. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు మందులు మానేస్తారు, నడవడం మానేస్తారు, మళ్లీ ఆస్పత్రి పాలవుతారు. ఇంకొందరు రోజుకు పదిసార్లు బీపీ చూసుకుంటారు. టెన్షన్‌తో చూస్తే పెరుగుతుంది, పెరిగిందని ఇంకా టెన్షన్. ఐదు నిమిషాలు కూర్చుని, పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చూసి రాసుకుంటే చాలు. వారం సగటే డాక్టరుకు కావాల్సింది. నడక మొదటి వారాల్లోనే నెమ్మదిగా మొదలుపెట్టాలి. ఇంట్లోవాళ్లు ప్రేమతోనే మంచం దిగనివ్వరు, కానీ దానివల్ల కండరాలు కరిగి, ధైర్యం కూడా పోతుంది. భార్యాభర్తల దగ్గరితనం గురించి ఎవరూ అడగరు, డాక్టరూ చెప్పడు. నొప్పి, ఆయాసం లేకుండా రెండంతస్తుల మెట్లు ఎక్కగలిగిన మనిషికి సాధారణంగా అందులో ప్రమాదం లేదు.

వయాగ్రా లాంటి మాత్రలు వాడినవాళ్లు మాత్రం ఆ విషయం దాచకూడదు. వాటి మీద గుండె నొప్పికి ఇచ్చే సార్బిట్రేట్ మాత్ర పడితే బీపీ ప్రాణాపాయంగా పడిపోతుంది. ఆ మాత్రలు వాడనివాళ్లకు నొప్పి వచ్చినప్పుడు నాలుక కింద పెట్టుకోమని డాక్టరు సార్బిట్రేట్ రాసిచ్చి ఉంటే, ఎప్పుడూ కూర్చునే పెట్టుకోవాలి. నిలబడి పెట్టుకుంటే కళ్లు తిరిగి పడిపోతారు. ఐదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే, స్టెంట్ ఉంది కదా మళ్లీ రాదులే అనుకోకుండా 108కి ఫోన్ చేయాలి. స్టెంట్ ఉందని, ఏ రోజు వేశారో, ఏ మాత్రలు వాడుతున్నారో ఫోన్‌లోనే చెప్పాలి.